పగిలితేనే పాసు

నేను వెల్డింగ్ ఇంజనీరుని. ఈ మాట చెప్పినప్పుడల్లా మా కాలనీలో ఎవరో ఒకరు వాళ్ళ గేటు ఒకసారి చూసిపొమ్మంటారు. నా వెల్డింగులో నిప్పురవ్వలు ఉండవని, ఆసుపత్రిలో రక్తం ఎక్కించేటప్పుడు గొట్టం మధ్యలో కనిపించే చిన్న ప్లాస్టిక్ వడపోత డబ్బీని అతికించడమే నా పని అని వివరిస్తే, "ఓహో, జిగురు పనా" అని జాలిపడతారు.

జిగురూ కాదు. రెండు అరచేతులు గట్టిగా రుద్దితే వేడెక్కుతాయి కదా. అలాగే డబ్బీ మూతనూ అడుగునూ ఒకదానిమీద ఒకటి పెట్టి, పైనుంచి లోహపు దిమ్మతో నొక్కి, చెవికి వినబడనంత వేగంగా అదిరేలా చేస్తే, అంచులో ఉబ్బెత్తుగా ఉన్న సన్నటి గీత కరిగి రెండూ ఒకటైపోతాయి. రెప్పపాటు పని. దీన్ని అల్ట్రాసోనిక్ వెల్డింగ్ అంటారు.

ఇబ్బంది ఒక్కటే. అతుకు లోపల ఉంటుంది, కంటికి కనిపించదు. అది ఎంత గట్టిదో నిక్కచ్చిగా తెలియాలంటే లోపలికి నీళ్ళు పంపి ఒత్తిడి పెంచుకుంటూ పోయి, ఎక్కడ పగులుతుందో చూడాలి. పగిలాక ఎంత గట్టిదో తెలుస్తుంది, కానీ అప్పటికి డబ్బీ ఉండదు. అందుకని ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు కొన్నింటిని పగలగొట్టి చూస్తారు. మిగతావాటికి గాలి పట్టించి నీళ్ళలో ముంచి, బుడగలు రాకపోతే బాగున్నట్టే లెక్క. మేమూ అలాగే చేసేవాళ్ళం, నేను నోరు తెరిచేదాకా.

ఒకసారి ఎక్కడో ఒక ఆసుపత్రిలో మా డబ్బీ కారింది. నర్సు వెంటనే చూసి మార్చేసింది, రోగికి ఏమీ కాలేదు. అయినా కబురు మా ఎండీ విశ్వంభరం గారి దాకా వెళ్ళింది. ఆయన అసలే నాణ్యత మీద మోజులో ఉన్నారు. ఆ మధ్యనే డాక్టర్ చక్రధర్ అనే సలహాదారుని తెచ్చుకున్నారు. ఈ డాక్టరు గారు జ్వరం చూసే రకం కాదు, నాణ్యత మీద పరిశోధన చేసి పట్టా తెచ్చుకున్న రకం. ఆయన వచ్చాక మా అందరి చొక్కాల మీదా "నూటికి నూరు" అనే బిళ్ళలు వెలిశాయి. క్యాంటీనులో ఇడ్లీ గట్టిగా ఉందన్నా, మూల కారణం ఏమిటో రాసిమ్మనేవారు.

ఆ కారిన డబ్బీ మీద సమావేశం పెట్టారు. "సంస్థకు పునాది నమ్మకం, నమ్మకానికి పునాది రుజువు, రుజువుకు పునాది సమాచారం" అని చక్రధర్ గారు మొదలుపెట్టారు. పునాది కింద పునాది తవ్వుకుంటూ ఆయన చాలా లోతుకు వెళ్ళిపోయాక, ఎండీ గారు నా వైపు తిరిగి, ఒక డబ్బీ చేతికిచ్చి, ఇది కారదని నువ్వు ఖచ్చితంగా చెప్పగలవా అని అడిగారు.

బుద్ధి ఉన్నవాడైతే, బుడగల పరీక్ష ఇంకాస్త జాగ్రత్తగా చేయిస్తామండీ అని ఊరుకునేవాడు. నాకు మాత్రం ఎదురుగా సలహాదారు ఉన్నాడు, నేనూ నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ణని అతనికి తెలియాలి అనిపించింది.

"అతుకు సంగతి పగలగొట్టి చూస్తే తప్ప సంపూర్ణంగా తెలియదండీ" అన్నాను, కళ్ళజోడు సర్దుకుంటూ.

"మరి ఎన్ని పగలగొడుతున్నాం?" అన్నారు ఎండీ గారు.

శాంపిలుకి కొన్ని అని చెప్పాను.

"అంటే మిగతావన్నీ సంపూర్ణంగా తెలియకుండానే రోగి దగ్గరికి పంపుతున్నామన్నమాట."

చక్రధర్ గారు కళ్ళు మూసుకుని, శాంపిలు అనేది గణితానికి సరిపోతుందేమో గానీ రోగికి సరిపోదు అన్నారు. ఆ మాట అందరూ రాసుకున్నారు. అన్నిటినీ పగలగొట్టాలనే తీర్మానం దానంతటదే వచ్చి కూర్చుంది. వద్దనడం ఎలా? వద్దన్నవాడు రోగి ప్రాణానికి శత్రువైనట్టే కదా. ఆ గదిలో అసలు విషయం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెబుదామని గొంతు సవరించుకున్నాను. సరిగ్గా అప్పుడే ఎండీ గారు నన్ను చూపించి, కొత్త విభాగానికి ఉమాకాంత్‌నే అధిపతిని చేద్దాం అన్నారు. నా గొంతులోని అభ్యంతరం మెల్లగా వెనక్కి దిగి పొట్టలో కూర్చుంది.

అలా నేను సంపూర్ణ విచ్ఛేదన పరీక్షా విభాగానికి అధిపతినయ్యాను. అద్దాల గది ఇచ్చారు. తలుపు మీద ఆ పేరంతా ఒక వరుసలో పట్టక, "సంపూర్ణ విచ్ఛేదన" పైనా మిగతాది కిందా పడింది. మా ఆవిడ ఫోటో చూసి, ఇదేదో ఇళ్ళు కూల్చే ఆఫీసులా ఉందండీ అంది.

నిబంధనలు నేనే రాశాను. తయారైన ప్రతి డబ్బీనీ పరీక్షించాలి. నిర్ణీత ఒత్తిడికి పైన పగిలితే ఉత్తీర్ణం, కింద పగిలితే అనుత్తీర్ణం. ఉత్తీర్ణమైన ముక్కల్ని శుభ్రమైన సంచుల్లో కట్టి ఆకుపచ్చ చీటీ అంటించి గోదాములో భద్రపరచాలి. రాసింది చదువుకుంటే నాకే ముచ్చటేసింది. ఎక్కడా వంక లేదు, చివరికి ఒక్క డబ్బీ కూడా మిగలకపోవడం తప్ప.

వెల్డింగ్ హాల్లో పాతకాలం నుంచీ ఉన్న అండాలమ్మ ఒకరోజు నా గదికి వచ్చింది. అన్ని పలగొడితే అమ్మేదేందని అడుగుతుందేమో అని భయపడ్డాను. జవాబుగా, మనం అమ్మేది డబ్బీ కాదమ్మా, భరోసా అని సిద్ధం చేసుకున్నాను కూడా. ఆమె అడిగింది అది కాదు.

"నన్ను గూడ పలగొట్టే దిక్కు ఏస్తరా సారూ? అతికిచ్చి అతికిచ్చి యాష్టకొచ్చింది. ఆడ టప్పున సప్పుడైతాంటే మనసుకు మంచిగుంటది."

ఆమె ఒక్కతే కాదు. కొద్దికాలానికే హాలంతా పగలగొట్టే వైపు రావాలని అర్జీలు పెట్టుకుంది. అతికించే వైపు ఉన్నవాళ్ళు శిక్ష పడ్డవాళ్ళలా కనిపించేవారు. కొత్త యంత్రాలు వచ్చాయి. ఒకరు అతికిస్తే చాలామంది పగలగొట్టేవారు. టప్పు టప్పుమని రోజంతా ఒకటే మోత, దీపావళి వీధిలా. నేను అద్దాల గదిలోంచి చూస్తూ, ప్రతి టప్పుకూ ఒక రోగి క్షేమంగా ఇంటికి వెళుతున్నట్టు ఊహించుకునేవాణ్ణి.

సేల్స్ చూసే ఖలీల్ భాయ్ మాత్రం రోజురోజుకూ చిక్కిపోయాడు. ఆసుపత్రులకు ఏం పంపాలని అడిగితే, పరీక్షాపత్రాలు పంపమని చక్రధర్ గారు సెలవిచ్చారు. వినియోగదారుడు నిజంగా కోరుకునేది వస్తువు కాదట, ఆ వస్తువు పట్ల నిశ్చింత. కనుక నిశ్చింతను నేరుగా సరఫరా చేయాలి. అట్టపెట్టెలు వెళ్ళడం మళ్ళీ మొదలైంది. లోపల డబ్బీల బదులు, ఆ డబ్బీలు ఎంత అద్భుతంగా పగిలాయో తెలిపే పత్రాలు ఉండేవి. ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయి. వస్తువే వెళ్ళనప్పుడు కారేదేముంది? ఏదో సంఘం వాళ్ళు శూన్య ఫిర్యాదుల పురస్కారం ఇచ్చారు. నేనూ సూటు కుట్టించుకుని వేదిక ఎక్కి, నాణ్యత గమ్యం కాదు ప్రయాణం అని మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. అర్థం ఇప్పటికీ నాకు తెలియదు.

తర్వాత ఆడిటు వచ్చింది. ఆడిటరు గారు గోదాములోని ఆకుపచ్చ చీటీల సంచుల్ని చూసి, ఇంత నిజాయితీగా పగిలిన సరుకును తన జీవితంలో చూడలేదన్నారు. వెళ్ళబోతూ పెన్ను జారి కిందపడితే వంగారు. బల్ల కింద ఒక డబ్బీ ఉంది. నిండుగా, ఎక్కడా బీట లేకుండా ఉంది.

"ఇది ఎందుకు పగల్లేదు?" అన్నారు, దాన్ని ముట్టుకోకుండా.

చేతి తొడుగులు తెప్పించి దాన్ని సంచిలో పెట్టారు. పరీక్షించని ఉత్పత్తి ఆవరణలో సంచరించడం తీవ్రమైన ఉల్లంఘన అని రాశారు. బాధ్యుడు విభాగాధిపతి, అంటే నేను. సంజాయిషీ అడగవలసిందీ విభాగాధిపతే కనుక, నన్ను సంజాయిషీ కోరుతూ నేనే మెమో ఇచ్చుకున్నాను. మూడు పేజీల జవాబు రాసుకుని, అది సంతృప్తికరంగా లేదని తేల్చి, నన్ను నేను గట్టిగా హెచ్చరించాను. పునశ్చరణ శిక్షణ కూడా తప్పనిసరి అన్నారు ఆడిటరు గారు. ఖాళీ గదిలో బోర్డు ముందు నిలబడి కాసేపు చెప్పి, బెంచీ మీద కూర్చుని కాసేపు విన్నాను. బోధకుడి చోటా విద్యార్థి చోటా సంతకాలు పెట్టాను. విద్యార్థి మందమతి అని బోధకుడికి అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ వారంలోనే సిస్టర్ సువార్తమ్మ వచ్చారు. ఊళ్ళోని సర్కారు పిల్లల ఆసుపత్రిలో ఆమె హెడ్ నర్సు. తలసేమియా అని పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఉంది. ఆ పిల్లలకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే బతకరు. వాళ్ళ వార్డుకు ఆ ఏడాది వడపోత డబ్బీలు ఇచ్చే ఒప్పందం మాది. ఇంకో కంపెనీ దగ్గర కొందామంటే, ఉన్న కంపెనీ మీద ఫిర్యాదు ఉండాలి. మా మీద ఎవరి ఫిర్యాదూ లేదు, పైగా పురస్కారం ఉంది.

ఆమె మా పెట్టె ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి ఎండీ గారి బల్ల మీద బోర్లించారు. పరీక్షాపత్రాలు జలజలా రాలాయి.

"ఈ కాయితాల్లోంచి పిల్లలకి రక్తం ఎలా ఎక్కించమంటారో ఎవరన్నా వచ్చి చూపించండి. నేర్చుకుంటాం" అన్నారు.

ఎండీ గారు నీళ్ళు తెప్పించారు. చక్రధర్ గారు మృదువుగా, ఫిర్యాదు నమోదు కావాలంటే డబ్బీ మీద ఉండే బ్యాచి నంబరు కావాలని, డబ్బీయే అందలేదంటున్నారు కనుక దీన్ని ఫిర్యాదుగా కాక విలువైన సూచనగా స్వీకరిస్తామని చెప్పారు. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి, బయటికి వచ్చి, రిసెప్షనులో సోఫా మీద కూర్చున్నారు. సాయంత్రం నేను ఇంటికి బయలుదేరేటప్పటికి అక్కడే ఉన్నారు. తప్పించుకుని పోదామనుకున్నాను గానీ, దారి సోఫా ముందునుంచే ఉంది.

నన్ను కూర్చోమని, తిట్టకుండా మాట్లాడారు. పక్క వార్డుల నుంచి అప్పు తెచ్చుకున్నవి కూడా అయిపోయాయట. చందన అనే ఆరేళ్ళ పిల్లకు రక్తం ఎక్కించాల్సిన గడువు దాటిపోయిందట. మామూలుగా ఆ పిల్ల వార్డులో నర్సుల వెనకాల తిరుగుతూ వాళ్ళ కొంగులు ముడివేస్తుంది. ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటోంది.

"మీరు తయారుచేస్తున్నారు కదండీ. నా కళ్ళతో చూశాను లోపల. మరి ఎక్కడికి పోతున్నాయవి?"

పగులుతున్నాయి సిస్టర్ అన్నాను. రాసుకున్నప్పుడు అంత గొప్పగా ఉన్న మాట, నోట్లోంచి వచ్చాక దొంగతనం చేసి పట్టుబడ్డవాడి మాటలా ఉంది. రేపు ఏదో ఒకటి చేస్తానని చెప్పి ఆమెను పంపాను. ఏం చేస్తానో నాకు తెలియదు.

ఎండీ గారికి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. ధైర్యం లేనివాడు నిబంధనలు చదువుతాడు. నేను రాసినవే కనుక చదివాను. పైన పగిలితే ఉత్తీర్ణం, కింద పగిలితే అనుత్తీర్ణం. మరి అసలు పగలకపోతే? దాని గురించి ఒక్క ముక్క లేదు. ఇంత గొప్పగా రాసినవాడికి ఆ సంగతి తట్టనేలేదు.

మర్నాడు ఆ పొద్దుటి బ్యాచిలోంచి కొన్నిటిని తీసి మామూలుగా పగలగొట్టించాను. అన్నీ పరిమితికి బాగా పైనే పగిలాయి. తర్వాత అండాలమ్మను పిలిచి, యంత్రంలో ఒత్తిడి తగ్గించమన్నాను. మరీ తక్కువ కాదు. రక్తం ఎక్కించేటప్పుడు పడే ఒత్తిడికి ఎన్నో రెట్లు ఎక్కువే, కానీ మంచి అతుకు పగిలేంత కాదు. నీళ్ళ బదులు గాలి పెట్టి, తొట్టెలో ముంచి బుడగలు చూసి, ఆరాక శుద్ధి చేసి సంచుల్లో కట్టమన్నాను. ఇంత చక్కటి ఉపాయం నాకెలా తట్టిందా అని మురిసిపోతూ అద్దాల గదిలోకి వచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది. ఈ గొడవంతా మొదలుకాకముందు మేము రోజూ చేసిన పనే అది.

హాలు నిశ్శబ్దమైపోయింది. ఒక్క టప్పు లేదు. కూలీలు దిగులుగా బయటికి వచ్చారు. యంత్రాలన్నీ "ఫలితం లేదు" అని చూపించాయి. మధ్యాహ్నానికి అత్యవసర సమావేశం.

నేను తల దించుకుని, డబ్బీలు పగలడానికి నిరాకరిస్తున్నాయని నివేదించాను. యంత్రం ఆయుష్షు దృష్ట్యా ఒత్తిడి కాస్త సవరించానని కూడా చెప్పాను. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. చక్రధర్ గారు తీర్పు చెప్పారు.

"పగలలేదు కనుక ఉత్తీర్ణం కాదు. ఫలితం రానిది మన నిర్వచనం ప్రకారం ఉత్పత్తే కాదు. అది వ్యర్థం. వ్యర్థం ఒక్క రాత్రి కూడా ఆవరణలో ఉండటానికి వీల్లేదు."

"ఎక్కడ పారేద్దాం?" అన్నారు ఎండీ గారు.

ప్లాస్టిక్ కాల్చకూడదు, పూడ్చకూడదు. ఆసుపత్రి వ్యర్థాల పద్ధతి ఆసుపత్రులకే బాగా తెలుసు కనుక, ఏదైనా ఆసుపత్రికి అప్పగిస్తే చట్టపరంగా క్షేమం అని నేను నసిగాను. సిస్టర్ సువార్తమ్మ గారి ఆసుపత్రి దగ్గరే అని కూడా అన్నాను. ఎండీ గారు నా వైపు ఒక్క క్షణం చూశారు. ఆయనకు అర్థమైందో లేదో నేను ఇప్పటికీ చెప్పలేను. సామాజిక బాధ్యత కింద రాసుకోండి అన్నారు. అప్పుడు ఖలీల్ భాయ్ మెల్లగా చెయ్యెత్తి, ఇదే వ్యర్థాన్ని మిగతా ఆసుపత్రులు కూడా స్వీకరించడానికి సిద్ధంగా ఉంటే ఒప్పందం ధరకే వదిలించుకోవచ్చా అని అడిగాడు. వదిలించుకోవచ్చని తీర్మానించారు. అతని ముఖంలోకి చాలాకాలానికి రక్తం వచ్చింది.

ఆనాటి నుంచి మా కంపెనీ ఇలాగే నడుస్తోంది. ఉత్పత్తి శూన్యం, వ్యర్థం నూటికి నూరు. అంత వ్యర్థానికి కారకుణ్ణయినందుకు నన్ను అధిపతి పదవి నుంచి తీసేసి, వ్యర్థాల నిర్వహణకు మార్చారు. అద్దాల గది పోయింది. సూటు ఉంది.

మొదటి పెట్టెను ఆసుపత్రికి నేనే తీసుకువెళ్ళాను. దారి పొడవునా హుషారుగానే ఉన్నాను. వార్డులో సిస్టర్ పెట్టె తెరిచి ఒక డబ్బీ పైకి తీశారు. దాని సంచి మీద ఎర్రటి సిరాతో "తిరస్కృతం" అని ముద్ర ఉంది. మా రాజకీయమంతా చెప్పబోయాను.

"ముద్ర సంగతి నాకొద్దండీ. ఇది కారుద్దా, కారదా? ఒక్క మాట చెప్పండి."

చందన మంచం మీద గోడవైపు తిరిగి ఉంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని నా నోటివంకే చూస్తోంది. అధిపతినయ్యాక నేను చూసిన డబ్బీలన్నీ పగిలిపోయినవే. వాటి గురించి ఏం చెప్పినా తప్పయ్యే ప్రమాదం లేదు. ఎంత హాయిగా బతికానో అప్పుడు తెలిసింది. ఈ డబ్బీ నిండుగా ఉంది, ఎదురుగా పిల్ల ఉంది, నేను మాట ఇవ్వాలి.

"కారదు" అన్నాను.

సిస్టర్ రక్తం సంచి తగిలించి, గొట్టంలో మా డబ్బీని పెట్టి, చుక్కల వేగం సరిచేసే చిన్న చక్రం తిప్పారు. డబ్బీ మెల్లగా ఎర్రబడింది. ఒక్కొక్క చుక్కే కిందికి దిగడం మొదలైంది. ఆవిడ వేరే మంచాల దగ్గరికి వెళ్ళిపోయారు. నేను స్టూలు లాక్కుని కూర్చుని, ఆ డబ్బీ అంచునే చూస్తూ ఉండిపోయాను. మధ్యలో రెండుసార్లు చేతి రుమాలుతో దాని కింద తుడిచి చూసుకున్నాను. పొడిగానే ఉంది. మూడోసారి తుడవబోతుంటే చందన ఇటు తిరిగి, ఎందుకు దానికి చీమిడి తుడుస్తున్నావని అడిగింది. వాళ్ళమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సంచి ఖాళీ అయ్యేటప్పటికి పిల్ల చెంపల్లోకి కాస్త రంగు వచ్చింది. సిస్టర్ వచ్చి గొట్టం తీసేసి, ఇంకా స్టూలు మీదే ఉన్న నన్ను చూశారు.

"ప్రతి డబ్బీకీ ఇలాగే వచ్చి కూర్చుంటారేంటండీ?" అన్నారు.

ఆవిడ హాస్యానికే అన్నారు. కానీ నాకు ఆ ఆలోచన నచ్చింది. డబ్బీకొక పరిశీలకుడు, పరిశీలకుడికొక స్టూలు, స్టూలు గట్టిదో కాదో చూడటానికి ఒక చిన్న విభాగం. నిబంధనల మొదటి పేజీలో ఏం రాయాలో కూడా తోచింది. దీన్ని పద్ధతి ప్రకారం అమలు చేయడం అసాధ్యమేమీ కాదు సిస్టర్ అని మొదలుపెట్టాను.

ఆవిడ మంచం మీద మరిచిన నా రుమాలు నా చేతికిచ్చి, భుజం పట్టుకుని లేపి, వరండాలోకి పంపి తలుపు వేసేశారు.